సినిమా డిస్క్ ఆగిపోయేది ఎక్కడ?

డిస్క్ ట్రేలో పెడతారు. ట్రే లోపలికి వెళ్తుంది, డ్రైవ్ గిర్రున తిరిగిన చప్పుడు వినిపిస్తుంది, కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. తెర మీద మాత్రం ‘ఈ డిస్క్‌ను ప్లే చేయడం కుదరలేదు’ అని ఒక్క ముక్క. డిస్క్ మీద గీత పడినా అదే మాట. ప్లేయర్‌కు ఆ వీడియోను విప్పడం రాకపోయినా అదే మాట. వేరే దేశంలో అమ్మడానికి తయారైన డిస్క్ అయినా దాదాపు అదే మాట. దాంతో ముందుగా డిస్క్‌ను చొక్కా అంచుతో గబగబా తుడుస్తారు. తర్వాత డ్రైవ్ పోయిందని తేల్చేసి కొత్తది కొంటారు. అందులోనూ సినిమా రాకపోతే డిస్క్ చెత్తబుట్టలోకి వెళ్తుంది. ఇలా పారేసిన వాటిలో బాగున్న డిస్కులు, బాగున్న డ్రైవులు చాలానే ఉంటాయి.

డిస్క్ నుంచి తెర దాకా సినిమా చాలా మెట్లు దాటాలి. డ్రైవ్ తన లేజర్ కాంతితో డిస్క్‌ను చదవాలి. చదివింది కేబుల్ గుండా కంప్యూటర్‌కు చేరాలి. అందులోని ఫైళ్లు కనిపించాలి. సినిమాకు వేసిన తాళం తెరుచుకోవాలి. కుదించి పెట్టిన బొమ్మనూ శబ్దాన్నీ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ విప్పాలి. ఆఖరున మానిటర్ దాన్ని ఒప్పుకోవాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో కనుక్కోవడమే అసలు పని. అది తెలియకుండా చేసే మరమ్మతు చీకట్లో సూది వెతకడమే.

ముందు ఫోల్డర్ తెరవాలి

ప్లేయర్ మాటను కాసేపు పక్కనపెట్టి, పెన్‌డ్రైవ్ తెరిచినట్టే డిస్క్‌ను ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి చూడాలి. డీవీడీ సినిమా అయితే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే ఎక్స్‌టెన్షన్లతో ఫైళ్లు ఉంటాయి. అసలు సినిమా అంతా వీఓబీ ఫైళ్లలోనే, ఒక్కోటి 1 జీబీ దాటకుండా, ముక్కలుగా ఉంటుంది. ఏ భాగం ఎక్కడ మొదలవుతుంది, మెనూలో ఏ బటన్ నొక్కితే ఎక్కడికి వెళ్లాలి అనే దారి పటం ఐఎఫ్ఓ ఫైల్‌లో ఉంటుంది. బీయూపీ దాని నకలు. ఆ చిన్న పటం చెడితే సినిమా మొత్తం చెక్కుచెదరకుండా ఉన్నా ప్లేయర్‌కు దారి తెలియదు, అందుకే డీవీడీ రూపకర్తలు దానికి నకలు పెట్టించారు. బ్లూ-రే అయితే బీడీఎంవీ అనే ఫోల్డర్, పాత వీడియో సీడీ అయితే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్ కనిపిస్తాయి.

ఫైళ్లు కనిపించాయంటే డ్రైవ్, కేబుల్, లేజర్ కనీసం కొంతవరకు పనిచేస్తున్నట్టే. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది తాళాన్ని, కుదించిన వీడియోను విప్పే డీకోడర్ అనే సాఫ్ట్‌వేర్‌ను. డ్రైవ్ కనిపించి డిస్క్ ఖాళీగా కనిపిస్తే అనుమానం కాంతి మీదికి వెళ్తుంది. ఇక డ్రైవ్ పేరే కనిపించకపోతే డిస్క్‌ను ఎంత తుడిచినా లాభం లేదు.

ఇక్కడ చాలామంది పడిపోయే గొయ్యి ఒకటి ఉంది. డిస్క్ బాగుందో లేదో చూద్దామని ఒక వీఓబీ ఫైల్‌ను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తారు. మధ్యలో ఎర్రర్ వస్తే ‘గీతలు పడ్డాయి’ అనుకుంటారు. దుకాణంలో కొన్న డీవీడీల్లో ఎక్కువ భాగం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే సంకేతాలుగా మార్చి తాళం వేసి ఉంటాయి. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వచ్చి తనను పరిచయం చేసుకునేదాకా ఆ సెక్టార్లను, అంటే డిస్క్ మీది చిన్న చిన్న సమాచారపు ముక్కలను, డ్రైవ్ బయటకు ఇవ్వదు. అంటే అది గీత కాదు, డ్రైవ్ కావాలనే నిరాకరించడం. అదే డిస్క్‌ను ముందు ప్లేయర్‌లో తెరిచి తర్వాత కాపీ చేస్తే కొన్నిసార్లు ఆ ఎర్రర్ మాయమవుతుంది. కాబట్టి కాపీ పరీక్షను ఇంట్లో రాసుకున్న డిస్కులకే నమ్మవచ్చు.

ఈ రెండింటి తేడా డ్రైవ్‌కు బాగా తెలుసు. తను చదవలేకపోయిందా, చదవడానికి ఒప్పుకోలేదా అన్నది వేర్వేరు సంకేతాలతో కంప్యూటర్‌కు చెబుతుంది. ప్లేయర్ ఆ వివరాన్ని మింగేసి మనకు ఒకే వాక్యం చూపిస్తుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూస్తే అసలు మాట దొరుకుతుంది. సీడీరామ్ పేరుతో 7వ నంబరు ఈవెంట్ ఉంటే డిస్క్ మీద చదవలేని చోటు తగిలిందని అర్థం. 11వ నంబరు ఉంటే కంట్రోలర్, అంటే కేబుల్ లేదా డ్రైవ్ వైపు ఏదో తేడా ఉంది. లినక్స్ లాగ్ ఇంకా సూటిగా ఉంటుంది. ‘మీడియం ఎర్రర్’ అని రాస్తే డిస్క్‌కు దెబ్బ తగిలినట్టు, ‘ఇల్లీగల్ రిక్వెస్ట్’ అని రాసి పక్కనే అనుమతి లేకుండా ఎన్‌క్రిప్ట్ అయిన సెక్టార్ చదవబోయారని చెబితే అది తాళం గొడవ. గంటల తరబడి పడే టెన్షన్‌ను ఈ ఒక్క లైను తప్పిస్తుంది.

డ్రైవే కనిపించకపోతే

ఇది త్వరగా తేలే విషయం. బయట తగిలించే డ్రైవ్ అయితే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కు పెట్టాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు నియమం ప్రకారం ఇచ్చే కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో కొన్ని డ్రైవులకు అంతకంటే ఎక్కువ కావాలి. అందుకే డ్రైవ్ టిక్కుటిక్కుమంటూ మళ్లీ మళ్లీ మొదలై ఆగిపోతుంటుంది. రెండు ప్లగ్గులున్న కేబుల్ గానీ, ఎక్కువ కరెంటు ఇచ్చే పోర్టు గానీ వాడితే సరిపోతుంది.

లోపల బిగించిన డ్రైవ్ విండోస్‌లో ఉన్నట్టుండి మాయమై, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో 19, 31, 32, 39, 41 కోడ్‌లలో ఏదో ఒకటి చూపిస్తే డ్రైవ్‌ను విప్పక్కర్లేదు. డిస్కులు రాసే సాఫ్ట్‌వేర్‌ను తీసేసినప్పుడు అది విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వదిలేసిన అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే రెండు ఎంట్రీలు ఎక్కువగా దీనికి కారణం. లేని సాఫ్ట్‌వేర్‌ను పిలవమని అవి చెబుతుంటాయి, విండోస్ పిలిచి విఫలమవుతుంటుంది. రిజిస్ట్రీని బ్యాకప్ తీసుకుని, ఆప్టికల్ డ్రైవులకు సంబంధించిన చోట మాత్రమే ఆ రెండు ఎంట్రీలు తీసేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ తిరిగొస్తుంది. అలాంటివే ఇతర పరికరాల కింద కూడా ఉంటాయి, వాటి జోలికి వెళ్లకూడదు.

కాంతి చదివే తీరు

డ్రైవ్ ఉంది, డిస్క్ మాత్రం కనిపించడం లేదు. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ డ్రైవ్ ఈ రకం డిస్క్‌ను చదవగలదా అని. 1982లో వచ్చిన సీడీని 780 నానోమీటర్ల కాంతితో చదువుతారు. 1996లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, 2006లో వచ్చిన బ్లూ-రేకు 405 నానోమీటర్ల నీలి ఊదా లేజర్ కావాలి. చూడటానికి మూడూ 120 మిల్లీమీటర్ల చక్రాలే. సమాచారం రాసి ఉండే సన్నటి వరుసల, అంటే ట్రాకుల మధ్య దూరం మాత్రం సీడీలో 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూ-రేలో 0.32. డీవీడీ డ్రైవ్ ఎర్ర కాంతి బ్లూ-రే ట్రాకులను విడదీసి చూడలేదు. సెట్టింగులు మార్చినా, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ కళ్లు రావు. డ్రైవ్ ముందు భాగంలో ముద్రించిన గుర్తు చూస్తే చాలు, విషయం అక్కడితో తేలిపోతుంది.

ఒకే డ్రైవ్‌లో సీడీకి, డీవీడీకి వేర్వేరు లేజర్లు ఉంటాయి కాబట్టి ఒకటి బలహీనపడినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. పాటల సీడీలు బాగా వస్తూ ఏ డీవీడీ పెట్టినా ఖాళీగా చూపిస్తే డిస్కులను తప్పుపట్టకూడదు. ఒక్క డిస్క్‌తో ఎప్పుడూ నిర్ణయానికి రాకూడదన్నది ఇందుకే. దుకాణంలో కొన్న సీడీ ఒకటి, కొన్న డీవీడీ ఒకటి, ఇంట్లో రాసిన డీవీడీ ఒకటి, ఈ మూడూ పెట్టి చూస్తే డ్రైవ్ ఆరోగ్యం చాలావరకు తెలిసిపోతుంది. లెన్స్ మీద దుమ్ము పేరుకుంటే మూడు రకాలూ తడబడతాయి. ల్యాప్‌టాప్ డ్రైవులలో ట్రేతోపాటు లెన్స్ బయటికి వస్తుంది కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క అద్దిన దూదిపుల్లతో, ఏమాత్రం ఒత్తకుండా, తుడవవచ్చు. మిగతా డ్రైవులకు చిన్న బ్రష్ ఉన్న క్లీనింగ్ డిస్క్ ఉంది. చల్లటి చోటు నుంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన డ్రైవ్ లెన్స్ మీద తేమ పట్టి ఉంటుంది, గంటసేపు ఆగితే దానంతట అదే ఆరిపోతుంది.

ఇక గీతల సంగతి. గీత పడగానే డిస్క్ పోయినట్టు కాదు. సమాచారం ఉన్నది మనం తాకే పైభాగం మీద కాదు, ప్లాస్టిక్ లోపల. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు రెండు అతికించి ఉంటాయి, సమాచారం వాటి మధ్యలో ఉంటుంది. లేజర్ కిరణం ప్లాస్టిక్‌లోకి దిగేచోట దాదాపు అర మిల్లీమీటరు వెడల్పు ఉండి, లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. అందువల్ల ఉపరితలం మీది సన్నటి గీత, చిన్న దుమ్ము కణం ఆ కిరణంలో కొంత భాగాన్నే అడ్డుకుంటాయి. బ్లూ-రేలో పై పొర మందం 0.1 మిల్లీమీటరు మాత్రమే, కిరణం దిగేచోట వెడల్పు కూడా దాదాపు 0.13 మిల్లీమీటర్లే. అదే దుమ్ము కణం దానికి కొండలా అడ్డం పడుతుంది. అందుకే బ్లూ-రే మీద గట్టి పూత వేస్తారు. ఆ పూత వల్ల గీతలు తక్కువ పడతాయి. వేలిముద్ర మాత్రం డీవీడీ కంటే దీన్నే ఎక్కువ బాధపెడుతుంది.

దీనికి తోడు డిస్క్‌లో తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంది. డీవీడీలో 16 సెక్టార్లను కలిపి 32 కేబీల దిమ్మెగా చేసి, దానికి అదనంగా లెక్కల సంకేతాలు జోడిస్తారు. ట్రాక్ వెంబడి దాదాపు 6 మిల్లీమీటర్ల పొడవు సమాచారం పోయినా వాటి సాయంతో తిరిగి కట్టుకోవచ్చు. హద్దు దాటితే మాత్రం ఆ దిమ్మె మొత్తం పోతుంది. అందుకే పాడైన డీవీడీ కొద్దికొద్దిగా మసకబారదు, బాగా ఆడుతూ ఆడుతూ ఒక్కసారిగా చదరాలు చదరాలుగా చెదిరిపోయి నిలిచిపోతుంది. వీడియో సీడీ తీరు వేరు. అందులో ఎక్కువ నిడివి పట్టించడానికి సినిమా సెక్టార్లకు ఒక అంచె దిద్దుబాటును తీసేశారు. అక్కడక్కడ మచ్చలు వస్తూనే సినిమా ముందుకు సాగిపోతుంది.

డిస్క్‌ను మధ్య నుంచి అంచు వైపుకు, నిలువు గీతల్లా తుడవాలన్న నియమం వెనుక ఉన్నదీ ఈ లెక్కే. తుడిచేటప్పుడు సన్నటి గీత పడినా, అది ట్రాకులను అడ్డంగా దాటుతుంది కాబట్టి ఒక్కో ట్రాక్‌లో పోయేది రవ్వంత. అది దిద్దుకోవచ్చు. గుండ్రంగా తుడిస్తే పడే గీత ఒకే ట్రాక్ వెంబడి చాలా దూరం పోతుంది, దాన్ని ఏ లెక్కా దిద్దలేదు. మెత్తటి నూలు గుడ్డ, మంచినీళ్లు, జిడ్డు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. టూత్‌పేస్ట్ రుద్దితే గీతలు పోతాయన్న చిట్కా చాలా ప్రచారంలో ఉంది. అది ప్లాస్టిక్‌ను అరగదీసే పని, ఇంకే దారీ లేని డీవీడీ మీద తప్ప చేయకూడదు. బ్లూ-రే మీద అసలే చేయకూడదు, గట్టి పూత పోతే తిరిగి రాదు.

సీడీకి, వీడియో సీడీకి అసలు ప్రమాదం మెరిసే వైపు లేదు. వాటిలో సమాచారపు పొర లేబుల్‌కు ఆనుకునే, పలచటి లక్క పూత కింద ఉంటుంది. లేబుల్ వైపు పెన్నుమొన గీసుకున్నా ఆ పొర లేచిపోతుంది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే సూది రంధ్రాల్లా వెలుతురు కనిపిస్తుంది. ఆ చోట ఉన్న సమాచారం పోయినట్టే, తుడవడంతోనో పాలిష్‌తోనో రాదు. కాగితపు లేబుల్ అతికించిన డిస్కులది ఇంకో బాధ. కాగితం సమంగా అంటుకోక డిస్క్ ఊగుతూ తిరుగుతుంది.

సినిమా ఆగే సమయం కూడా ఒక ఆనవాలే. డిస్క్‌ను లోపలి అంచు నుంచి బయటికి చదువుతారు. 4.7 జీబీల ఒక పొర డీవీడీ చివర్లో మొండికేస్తే బయటి అంచున వేలిముద్రలున్నాయేమో చూడాలి, డిస్క్ పట్టుకునేటప్పుడు వేళ్లు తగిలేది అక్కడే. 8.5 జీబీల రెండు పొరల డీవీడీల్లో సినిమాలకు సాధారణంగా వాడే పద్ధతిలో మొదటి పొర బయటి అంచు దాకా వెళ్లి, రెండో పొర అక్కడి నుంచి లోపలికి వస్తుంది. అలాంటి డిస్క్ సినిమా నడుమ ఇబ్బంది పెడుతుంది. బయటి అంచు మురికి కారణం కావచ్చు, ఒక పొర నుంచి రెండో పొరకు లెన్స్ చూపు మార్చుకోలేకపోవడం కారణం కావచ్చు. ఎప్పుడూ సరిగ్గా ఒకే క్షణంలో, వేరే రెండు పొరల డిస్కుల్లోనూ మధ్యలోనే ఆగుతుంటే డ్రైవ్‌ను అనుమానించాలి. పొర మారేచోట అర క్షణం తడబాటు మాత్రం తప్పు కాదు, ఆ పద్ధతే అంత.

ఫైళ్లు ఉన్నాయి, సినిమా లేదు

ఇలా ఆగిపోయే కంప్యూటర్లలో ఎక్కువ వాటికి కావాల్సింది ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ మాత్రమే. డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2 పద్ధతిలో, శబ్దం చాలావరకు డాల్బీ డిజిటల్ పద్ధతిలో కుదించి ఉంటాయి. వాటిని విప్పే డీకోడర్లు విండోస్ 7 హోమ్ ప్రీమియం, ఆపై ఎడిషన్లలో ఉండేవి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ డీవీడీ ప్లే చేసే సౌకర్యాన్ని తీసేసింది. ప్రతి కంప్యూటర్‌కూ కట్టాల్సిన పేటెంటు రుసుము, డ్రైవ్‌లే లేని ల్యాప్‌టాప్‌లు పెరగడం దీనికి కారణాలు. 2015లో వచ్చిన విండోస్ 10కు డీవీడీ ప్లేయర్ విడిగా డబ్బు పెట్టి కొనే ఆప్ అయింది. పాత కంప్యూటర్‌లో ఆడిన డిస్క్ కొత్త కంప్యూటర్‌లో ఆడలేదంటే డిస్క్ ముసలిదైందని కాదు, కొత్త కంప్యూటర్‌కు ఆ భాష నేర్పలేదని. వీఎల్‌సీ లాంటి ప్లేయర్ తన డీకోడర్లను తనతోనే తెచ్చుకుంటుంది. దాన్ని పెట్టి, మీడియా మెనూలో ఓపెన్ డిస్క్ ఎంచుకుంటే ఎక్కువ డీవీడీలు ఆడతాయి. మెనూ దగ్గరే ఇరుక్కుపోతే అదే చోట ‘నో డిస్క్ మెనూస్’ అన్నదానికి టిక్ పెట్టి నేరుగా సినిమాలోకి వెళ్లవచ్చు.

బ్లూ-రేకు ఏ విండోస్‌లోనూ సొంత ప్లేయర్ ఎప్పుడూ లేదు. ఆపిల్ మాక్‌లోనూ లేదు.

తాళాలు

డీవీడీకి వేసిన తాళం పేరు సీఎస్ఎస్. దాని తాళంచెవి 40 బిట్లది, 1999లోనే అది బద్దలైంది. వీఎల్‌సీ వాడే లిబ్‌డీవీడీసీఎస్ఎస్ అనే లైబ్రరీ తాళంచెవిని తానే లెక్కకట్టి కనుక్కుంటుంది. విండోస్ వీఎల్‌సీలో అది కలిసే వస్తుంది. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌లలో చట్టపరమైన కారణాలతో దాన్ని ముందే పెట్టరు. లిబ్‌డీవీడీ-పీకేజీ అనే ప్యాకేజీని విడిగా పెట్టుకోవాలి. అది లేని లినక్స్‌లో ఫైళ్లన్నీ కనిపిస్తాయి, సినిమా మాత్రం పిచ్చి రంగుల ముక్కలుగా వస్తుంది లేదా అసలు రాదు.

రెండో తాళం రీజియన్ కోడ్. ప్రపంచాన్ని ముక్కలు చేసి అంకెలిచ్చారు. అమెరికా, కెనడాలు 1, పశ్చిమ ఐరోపా, జపాన్ 2, భారత్, రష్యా, ఆఫ్రికాలో ఎక్కువ దేశాలు 5. 2000 నుంచి తయారైన డ్రైవులలో ఈ అంకెను డ్రైవే తన లోపల దాచుకుంటుంది. వాడేవారు దాన్ని 5 సార్లే మార్చగలరు. అయిదోసారి పెట్టిన అంకె శాశ్వతం, విండోస్ మళ్లీ పెట్టినా, డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చినా అది పోదు. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డీవీడీ రీజియన్ అన్న చోట చూస్తే ఇప్పుడున్న అంకె, మిగిలిన మార్పుల సంఖ్య కనిపిస్తాయి. సినిమా రావడం లేదన్న కంగారులో ‘రీజియన్ మార్చాలా?’ అన్న ప్రశ్నకు చకచకా అవునని నొక్కేవాళ్లు ఉన్న అయిదు అవకాశాలనూ ఒక్క సాయంత్రంలో పోగొట్టుకుంటారు. ఏ రీజియన్ డిస్కులు ఎక్కువగా ఉన్నాయో ఆలోచించుకున్నాకే ఆ బటన్ నొక్కాలి. రెండు రీజియన్ల డిస్కులూ ఉంటే రెండో డ్రైవ్ ఒకటి పెట్టుకోవడం మేలు.

రీజియన్ అసలు పెట్టని కొత్త డ్రైవ్ కూడా చిక్కు తెస్తుంది. అంకె లేనిదే అది తాళంచెవి ఇవ్వదు. విండోస్ ప్లేయర్లు అడిగి పెట్టిస్తాయి. లినక్స్‌లో రీజియన్‌సెట్ అనే చిన్న టూల్‌తో మనమే పెట్టాలి. లేకపోతే వీఎల్‌సీ తాళంచెవిని తనంతట తాను వెతుక్కోవాల్సి వచ్చి సినిమా మొదలవడానికి చాలాసేపు పడుతుంది. రీజియన్ కలవకపోతే కొన్ని డ్రైవులు ఆ వెతుకులాటకు కూడా సెక్టార్లు ఇవ్వవు.

బ్లూ-రే తాళం ఏఏసీఎస్ ఇంతకంటే చాలా కఠినం. లైసెన్సు పొందిన ప్లేయర్ సాఫ్ట్‌వేర్లకు ఇచ్చే తాళంచెవులను ఎప్పటికప్పుడు మారుస్తారు. రద్దయిన వాటి జాబితా కొత్త డిస్కులతోపాటు వస్తుంది. కొత్త డిస్క్‌ను డ్రైవ్‌లో పెట్టగానే డ్రైవ్ ఆ జాబితాను తనలో రాసుకుంటుంది. పాత ప్లేయర్ సాఫ్ట్‌వేర్ పేరు అందులో ఉంటే, నిన్నటిదాకా చక్కగా ఆడిన పాత డిస్కులు కూడా ఆ క్షణం నుంచి ఆగిపోతాయి. ‘కొత్త సినిమా పెట్టాక డ్రైవ్ పాడైంది’ అని జనం అనుకునేది దీన్నే. ప్లేయర్‌ను అప్‌డేట్ చేస్తే సరిపోతుంది, దాని కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తుంటే. వీఎల్‌సీకి బ్లూ-రే ఆడటానికి ఒక ప్రత్యేక లైబ్రరీ, తాళంచెవుల ఫైల్ అవసరం. అవి దానితోపాటు రావు.

బ్లూ-రే సినిమా మానిటర్‌ను కూడా పరీక్షిస్తుంది. కంప్యూటర్ నుంచి తెర దాకా ఉన్న దారి అంతా హెచ్‌డీసీపీ అనే రక్షణ కిందికి రావాలి. మధ్యలో పాత మానిటర్ గానీ, సిగ్నల్‌ను రెండుగా చీల్చే పరికరం గానీ ఉంటే బొమ్మ నల్లబడుతుంది. రెండు తెరల మీద ఒకే బొమ్మ చూపే పద్ధతిలో ఉంటే ఒక తెర తీసేసి చూడాలి. స్క్రీన్ రికార్డింగ్, రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు వెనక నడుస్తున్నా కొన్ని ప్లేయర్లు ఆగిపోతాయి.

2016లో వచ్చిన 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే దగ్గర పరిస్థితి విషాదమే. కంప్యూటర్‌లో అధికారికంగా ఆడాలంటే ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు. ఇంటెల్ దాన్ని 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి తీసేసింది. ఏఎండీ ప్రాసెసర్లలో అది ఎప్పుడూ లేదు. అంటే డ్రైవ్, డిస్క్, సాఫ్ట్‌వేర్ అన్నీ డబ్బు పెట్టి కొన్నవారు కూడా, ప్రాసెసర్ కొత్తదైన పాపానికి, ఆ సినిమా చూడలేరు. నిజాయితీగా కొన్నవారికి ఇది జరిగిన అన్యాయం. తాళం వేసే హక్కు సినిమా తీసినవారికి ఉంది, కానీ డబ్బు కట్టినవారి చేతిలో తాళంచెవి పనిచేసేలా చూసే బాధ్యత కూడా వారిదే. ఇలాంటి డిస్క్ కోసం గంటలకొద్దీ సెట్టింగులు మార్చడం వృథా. టీవీకి తగిలించే విడి ప్లేయరే దారి.

వచ్చింది గానీ సరిగ్గా లేదు

సంగీతం మోగుతోంది, మాటలు వినిపించడం లేదు అన్నది చాలా తరచుగా వచ్చే ఫిర్యాదు. ఆరు స్పీకర్లకు విడివిడిగా రాసే 5.1 శబ్దంలో సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు వెళ్తాయి. ఉన్నవి రెండు స్పీకర్లే అయి కంప్యూటర్ సెట్టింగులో 5.1 అని ఉంటే ఆ మాటలన్నీ లేని స్పీకర్‌లోకి పోతాయి. సౌండ్ సెట్టింగుల్లో స్టీరియో అని మారిస్తే నటుల గొంతులు తిరిగొస్తాయి. శబ్దం పూర్తిగా లేకపోతే ప్లేయర్‌లో ఎస్/పీడీఐఎఫ్ పాస్‌త్రూ, అంటే శబ్దాన్ని విప్పకుండానే బయటి పరికరానికి పంపే సెట్టింగు, ఆన్‌లో ఉందేమో చూసి ఆపాలి. డాల్బీ లాంటిదే మరో శబ్ద పద్ధతి అయిన డీటీఎస్ ట్రాక్ ఒక్కటి మాత్రమే పలకకపోతే ఆడియో మెనూలో ఇంకో ట్రాక్ ఎంచుకోవాలి. డీవీడీ నియమాల్లో డీటీఎస్ తప్పనిసరి కాదు కాబట్టి పక్కన మరో రకం ట్రాక్ ఉంటుంది.

కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా చీలితే అది ఇంటర్‌లేసింగ్. పాత టీవీల కోసం ఒక్కో బొమ్మను రెండు సగాలుగా రాసినందువల్ల వచ్చేది. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతుంది. ఆకుపచ్చ తెర, నల్ల తెర వస్తూ శబ్దం మాత్రం బాగుంటే వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూడాలి. బొమ్మ ఆగి ఆగి వస్తే డ్రైవ్ వేగాన్ని తప్పుపట్టడం అనవసరం. డీవీడీ సినిమాకు సెకనుకు గరిష్ఠంగా 10 మెగాబిట్ల చిల్లర చాలు, యూఎస్‌బీ 2.0 దాటించగలిగేది 480. నత్తనడకకు కారణం చాలావరకు ఒకే చోటును డ్రైవ్ పదేపదే చదవాల్సి రావడమే. చెవి దగ్గర పెట్టి వింటే వేగం తగ్గి పెరుగుతున్న చప్పుడు తెలుస్తుంది.

ఇంట్లో రాసిన డిస్కులు

వీటికి తాళం లేదు, రీజియన్ లేదు. కానీ పోతే మళ్లీ కొనడానికి దొరకవు. పెళ్లి వీడియో, పిల్లల మొదటి అడుగులు, ఇప్పుడు లేని పెద్దవాళ్ల గొంతు వీటిలోనే ఉంటాయి. అందుకే ఇవి మొరాయిస్తే తొందరపడకూడదు. రాసిన యంత్రంలో ఆడుతూ మిగతా చోట్ల ఖాళీగా కనిపిస్తే దాన్ని ఫైనలైజ్ చేయలేదని, అంటే రాయడం ముగించి డిస్క్‌ను మూసేయలేదని అర్థం. రాసిన యంత్రంలోనే మళ్లీ పెట్టి ఫైనలైజ్ చేస్తే అన్నిచోట్లా కనిపిస్తుంది.

ఈ డిస్కుల్లో సమాచారం అచ్చుగుద్దిన గుంటలుగా ఉండదు, లేజర్‌తో మాడ్చిన రంగు పూత మీది మచ్చలుగా ఉంటుంది. ఎండ, వేడి ఆ రంగును వెలిసిపోయేలా చేస్తాయి. వెలిసినకొద్దీ మచ్చకూ ఖాళీకీ తేడా తగ్గుతుంది, డ్రైవ్ తడబడుతుంది. పాలిష్ దీనికి పనికిరాదు. ఇలాంటి డిస్క్‌ను సినిమాలా ఆడించి చూస్తూ కూర్చోవడం కంటే, చదవగలిగినంత వెంటనే హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోవడం ముఖ్యం. మామూలు కాపీ మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోతుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత టూల్ అలా ఆగదు. తేలిగ్గా వచ్చే భాగాలన్నిటినీ ముందు తీసుకుని, పాడైన చోట్లకు తర్వాత మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఏ సెక్టార్ దొరికింది, ఏది దొరకలేదు అన్నది ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. అదే మ్యాప్ ఫైల్‌తో డిస్క్‌ను వేరే కంపెనీ డ్రైవ్‌లో పెట్టి కొనసాగించవచ్చు. లెన్సులు, లేజర్ల బలం డ్రైవ్‌కూ డ్రైవ్‌కూ తేడా ఉంటాయి కాబట్టి మొదటిది వదిలేసిన సెక్టార్లలో కొన్నిటిని రెండోది చదువుతుంది, ఆ రెండూ వదిలేసిన వాటిలో కొన్నిటిని పాత మూడో డ్రైవ్ చదువుతుంది. మూలన పడి ఉన్న పాత డ్రైవ్‌ను పారేయకుండా ఉంచుకోవాలనేది ఇందుకే.